మధ్యలో ఎనిమిది నిమిషాలు

పాత ఇల్లు, గోదాము వెనక వీధి
ఆదివారం, మార్చి 3

అక్కా,

సిగ్గు లేదా అన్నావు కదా నిన్న. ఉంది. నువ్వు ఫోన్ పెట్టేశాక జవాబు తట్టింది, అందుకే రాస్తున్నా. ఫోన్లో అయితే నేను అరుస్తా, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద ఎంత అరిచినా పాప నిద్ర లేవదు. తొమ్మిదో క్లాసులో బడి మానేసినవాడి రాత ఇది. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చోకు.

నిన్న వెనకాల వినబడింది ఆ బస్సు సినిమా పాటే. ఒప్పుకుంటున్నా. "మనిషి పోయి నాలుగు నెలలు కాలేదు, మళ్ళీ అదే పెట్టుకుని ఇకిలిస్తున్నావా" అన్నావు. చూస్తున్న మాట నిజం. ఇకిలించడం లేదు. నవ్వే చోట్లు వస్తాయి, పోతాయి. బావ కూర్చునే వైపు సోఫా కొంచెం కిందికి దిగినట్టుంటుంది. తిరిగి చూడను. చూస్తే మామూలుగానే ఉంటుందని తెలుసు. అందుకే చూడను.

నువ్వు ఒక్కసారి కూడా చూడకుండా దానికి ముసలమ్మల సినిమా అని పేరు పెట్టావు. అది అన్యాయం. లండన్లో రిటైరైన బస్సు డ్రైవరమ్మ ఒకావిడ. ఆవిడకో పాత ఎర్ర రెండంతస్తుల బస్సు, దాన్నిండా ఆవిడ ఈడు జనం. దొంగలు కొట్టుకొచ్చిన వజ్రాలు పొరపాటున ఆవిడ టీ ఫ్లాస్కులో పడతాయి. ఆవిడకి తెలీదు. వెంట దొంగలు, వాళ్ళ వెనక ఒక పిరికి కానిస్టేబుల్. అంతే కథ. కానీ బ్రిటిష్ వాళ్ళు కొట్టుకోవడం చూడాలక్కా! కానిస్టేబుల్ ఒకణ్ణి కిటికీలోంచి బయటికి విసిరేసి, పక్క సీట్లో పెద్దాయన్ని "ఇబ్బంది పెట్టానాండీ" అని అడుగుతాడు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "కిటికీ వేసెయ్ బాబూ, చలి" అంటాడు. వాళ్ళెవరూ నవ్వరు. వాళ్ళు నవ్వరు కాబట్టే మనకి పొట్ట చెక్కలవుతుంది. హీరో అని గాల్లో తేలడాల్లేవు. దెబ్బ తగిలితే హీరో కూడా కూర్చుని మోకాలు రుద్దుకుంటాడు.

రెండో డిస్కు నిండా ఎక్స్‌ట్రాలే. తీసేసిన సీన్లు, నటులు మాట తప్పి నవ్వేసిన ముక్కలు, స్టంట్లు ఎలా చేశారో చూపించే అరగంట. మొదటి డిస్కులోనే ఇంకోటుంది. సినిమా నడుస్తుంటే దాని మీదుగా డైరెక్టరూ ఎడిటరమ్మా కబుర్లు చెప్పుకుంటారు. ఈ బస్సు నిజానికి మూడు బస్సులనీ, ఆ వాన గొట్టంతో కొట్టిందనీ. అది విని బావ "వాళ్ళే చెప్పాలా, మనకి నోరు లేదా" అన్నాడు. మా ఇద్దరికీ ఇంగ్లీషు సగమే వచ్చు, మిగతా సగం బావ కల్పించేవాడు కదా. ఆ ముసలమ్మలందరికీ తనే గొంతు మార్చి మాట్లాడేవాడు. అందుకని మొదటి నుంచి చివరిదాకా మేమిద్దరం మాట్లాడి నా పాత ఫోన్లో రికార్డు చేశాం. ఆ మర్నాడే కదా అలా జరిగింది.

అది నేను వినడం లేదు. నేను చూసేది రెండో డిస్కులో ఒక చిన్న ముక్క. రోజూ అదే. ఎందుకని అడక్కు.

ఇస్త్రీ పెట్టె ఇక్కడే మర్చిపోయావు. పంపనా?

నీ తమ్ముడు

*

డిపో, టైమ్ ఆఫీసు
మార్చి 11

ఒరేయ్ బొంగరం,

రెండూ అయిదు బస్సుకీ రెండూ ఇరవై బస్సుకీ మధ్య నీ ఉత్తరం చదివాను. రెండూ ఇరవైది వచ్చినప్పుడు పుస్తకంలో టైము రాయలేదు. ఈ ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. డ్రైవరు హారన్ కొట్టి "ఏంటమ్మా, నేను కనబడటం లేదా" అన్నాడు.

ఆయన గొంతు నీ దగ్గర ఉందా?

నాలుగు నెలల నుంచి నీ దగ్గరుంది. ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు కూడా నాకు చెప్పాలని రాయలేదు, నోరు జారింది. నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా ముందు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి, చివర్లో "గ్లాసులు ఎన్నుండాలి మనకి" అని అడిగేవాడివి.

ఆ రోజు ఫోన్లో అలా అన్నందుకు నాకు బాధగానే ఉంది. ఆ పాట విన్నాను, నోటికొచ్చింది అన్నాను. ఆ ఇల్లు నేను ఎందుకు వదిలేసి వచ్చాననుకున్నావు? ఆ గోడ. మీరిద్దరూ ముందు గదిలో ఆ సినిమా పెట్టుకుంటే నేను గోడ ఇవతల బట్టలు ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆయన పోయాక కూడా సాయంత్రం ఆరయితే ఆ గోడ వైపు చెవి పెట్టేదాన్ని. బదిలీ చేయించుకుని అయిదు గంటల బస్సు దూరం వచ్చాను, ఇక్కడ గోడలు పల్చన. పక్కింటివాళ్ళ గొంతులు వినబడతాయి. ఆయనవి కావు.

మొహం గుర్తుంది. ఫొటోలున్నాయి. గొంతు జారిపోతోందిరా. "ఏమండీ టైమ్‌కీపర్ గారూ" అని పిలిచేవారు కదా, మాటలు గుర్తున్నాయి, శబ్దం లేదు. మొన్న పాప అడిగింది, "నాన్న ఎలా నవ్వేవాడు?" అని. నవ్వి చూపించబోయాను. నా నవ్వే వచ్చింది. పాప తల అడ్డంగా ఊపి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

పంపు. నా ఫోన్ సంగతి నీకు తెలుసు, అందులో అంత పెద్దది పట్టదు. పెన్‌డ్రైవ్‌లో వేసి కవర్లో పెట్టు. రిజిస్టర్ పోస్టు చెయ్యి. ఇస్త్రీ పెట్టె నువ్వే ఉంచుకో, ఒకసారైనా చొక్కాకి తగిలించు.

అక్క

*

పాత ఇల్లు
ఏప్రిల్ 2

అక్కా,

ఆలస్యమైంది, తిట్టుకుని ఉంటావు. ఫోన్ స్క్రీన్ పగిలి టచ్ పని చెయ్యలేదు. తర్వాత షిఫ్టులు మారాయి. ఆ తర్వాత పోస్టాఫీసుకి సెలవు. మొత్తానికి కవర్లో ఉంది చూడు, నీలం రంగుది. కింద పారేసుకోకు, పాప నోట్లో పెట్టుకుంటుంది.

ఒక మాట. అది సినిమాతో కలిపి వినాల్సిందేం కాదు. డిస్కు ఎలాగూ నీ దగ్గర లేదు, నా డిస్కు మీద గీతలు పడ్డాయి, పంపినా ఆడదు. కళ్ళు మూసుకుని ఉత్త గొంతు విను, చాలు. బావ గట్టిగా నవ్వే చోట్లు చాలా ఉన్నాయి. కళ్ళజోడు సీను దగ్గర అయితే ఊపిరందక నీళ్ళు తాగొచ్చాడు. అది నీకు అర్థం కావాలంటే చెప్తా. కానిస్టేబుల్‌కి దొంగల్లో పెద్ద పహిల్వాన్ ఎదురవుతాడు. కానిస్టేబుల్ కళ్ళజోడు తీసి, జాగ్రత్తగా మడిచి, పెట్టుకోవడానికి చోటు లేక ఆ పహిల్వాన్ చేతికే ఇస్తాడు, "ఒక్క నిమిషం పట్టుకోండి" అని. వాడు పాపం రెండు చేతుల్తో పట్టుకుని నిలబడతాడు. చేతులు ఖాళీ లేవు కదా, అప్పుడు గుద్దుతాడు. పడిపోతూ కూడా వాడు ఆ కళ్ళజోడుని పైకెత్తి పట్టుకునే పడతాడు. పాపకి నువ్వే నటించి చూపించు.

నేను బాగానే ఉన్నా. గోదాములో పైన అటక మీద పని మానేసి కింద లోడింగ్ వైపుకి మారాను. సూపర్‌వైజర్ ఎందుకన్నాడు, మోకాలు అన్నాను.

తమ్ముడు

*

డిపో క్వార్టర్స్
ఏప్రిల్ 28

బొంగరానికి,

రెండు వారాలు అందులో ఒక్క నిమిషం కూడా వినలేకపోయాను. నీలం పెన్‌డ్రైవ్ పోపుల డబ్బాలో దాచాను. చివరికి వారాంతపు సెలవు రోజు, మధ్యాహ్నం, చిన్న స్పీకరుకి తగిలించి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని విన్నాం. ఆయన "అందరికీ నమస్కారం, నా పక్కన కూర్చున్న ఈ కోతి నా బామ్మర్ది" అని మొదలుపెట్టారు. పాప "నాన్న!" అని లేచి స్పీకరు వెనక చూసింది. దాని గురించి ఇంకేం రాయను.

నువ్వు వద్దన్నావు కానీ, బస్టాండు బయట పాత డిస్కులు అమ్మేవాడి దగ్గర మీ బస్సు సినిమా దొరికింది. రెండు డిస్కులూ ఉన్నాయి, అట్ట కవరు కూడా. నవ్వకు, నేనే ఆశ్చర్యపోయాను. డిపోలో డ్రైవర్లు పడుకునే గదిలో టీవీ, ప్లేయరు ఉన్నాయి. పోయిన శనివారం అక్కడ పెట్టాను. మొదట్లో నలుగురు డ్రైవర్లు కూడా కూర్చున్నారు. "ఆ గేర్లో ఆ మలుపు తిరగదు" అని ఒకాయన, "టైరు చూడు, అరిగిపోయింది, ఎవడిచ్చాడు పర్మిట్" అని ఇంకొకాయన, గొడవ. వాళ్ళని డ్యూటీకి పంపేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

నాకు నచ్చిందిరా. ఎక్కడ నచ్చిందో చెప్తే నువ్వు నవ్వుతావు. వెంట తుపాకులు పేలుతుంటే కూడా ఆవిడ ప్రతి స్టాపులోనూ బస్సు ఆపుతుంది. ఎక్కేవాళ్ళని ఎక్కించుకుంటుంది. చిన్న కాగితం మీద టైము రాసుకుంటుంది. అక్కడ నేను ఓడిపోయాను. నన్ను పిలవాల్సింది మీరు. లేదు, పిలిచారులే. నేనే రాలేదు.

ఇంకోటి. రెండో డిస్కులో ఏం చూడాలో ఎంచుకునే మెనూ బొమ్మ వచ్చాక పాప అన్నం తినడానికి మొండికేసింది, దాని వెంటపడి నేను రిమోట్ ముట్టుకోలేదు. మూడు నిమిషాలయ్యేసరికి బొమ్మలో ఆ బస్సు దీపాలు వాటంతటవే వెలిగాయి. నొక్కితే ఒక చిన్న వీడియో. షూటింగ్ మధ్యలో ఆ ముసలివాళ్ళంతా బస్సులో నిద్రపోతున్నారు. స్టంట్లు చేసే ఆవిడ మెల్లగా నడుస్తూ ఒక్కొక్కరి మీదా కోటు కప్పుతోంది. అంతే, పాట లేదు, మాట లేదు. ఇన్నాళ్ళు చూసి ఇది కనుక్కోలేదా మీరిద్దరూ? మీకు మూడు నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎక్కడొచ్చు!

ఇప్పుడు అసలు సంగతి.

సినిమానీ మీ మాటల్నీ కలిపి పెట్టాను. మొదట్లో అతికినట్టు సరిపోయింది. ఆయన "ఇప్పుడు తలుపు చూడండి" అనడం, తలుపు ఊడటం. యాభై ఒకటో నిమిషం దాకా అంతే. ఆ తర్వాత తెర మీద ఆవిడ చనిపోయిన భర్త ఫొటో తుడుచుకుంటూ ఏడుస్తుంటే ఆయన పగలబడి నవ్వుతున్నారు. "కళ్ళజోడు, కళ్ళజోడు పట్టుకో!" అంటున్నారు. తెర మీద కళ్ళజోడు లేదు. అది రావడానికి ఇంకా చాలా సేపు పట్టింది. వచ్చేసరికి ఆయన వేరే ఏదో చెప్తున్నారు.

పాప నా చెయ్యి లాగి అడిగింది. "అమ్మా, ఏం జరుగుతుందో నాన్నకి ముందే తెలుసా?"

ప్లేయరు ఆపేశాను. కాసేపటికి గడియారం చూసుకుంటూ మళ్ళీ పెట్టి లెక్క రాసుకున్నాను, నా పనే అది కదా. సినిమా గంటా నలభై రెండు నిమిషాలు. నువ్వు పంపింది గంటా ముప్పై నాలుగు. మధ్యలో ఎనిమిది నిమిషాలు లేవు.

ఎక్కడున్నాయి?

అక్క

*

గోదాము, లోడింగ్ షెడ్డు
మే 10

అక్కా,

ఎనిమిది నిమిషాలూ నేను దగ్గుతూనే ఉన్నా. చెవులు పోతాయని తీసేశా. తమ్ముడి దగ్గు కూడా టైము రాసుకుని దాచుకుంటావా? బస్సుల్ని పట్టుకున్నట్టు నన్ను పట్టుకోకు.

వద్దన్న పని చెయ్యడం నీకు అలవాటే. కళ్ళు మూసుకుని విను అన్నానా లేదా? ఆ డిస్కు కొనమని ఎవడు చెప్పాడు నీకు? బస్టాండులో వంద డిస్కులుంటాయి, అదే దొరకాలా!

ఇంతకీ నీకు కావాల్సింది నవ్వు, అది ఉంది కదా అందులో. పాపకి వినిపించు. అంతటితో వదిలెయ్.

ఇది లారీ లోడ్ అయ్యేలోగా పెట్టె మీద పెట్టి రాస్తున్నా. రాత వంకరగా ఉంటే పెట్టెది తప్పు. నాకు ఇక్కడ ఉండాలని లేదు. ఇంకెక్కడికైనా పోవాలని పొద్దున్నే బ్యాగు సర్దుతా, సాయంత్రం విప్పుతా. ఎక్కడికి పోయినా అదే అని తెలుసు. నువ్వు నమ్మవు, కానీ ఆ ముక్క తీసేసినప్పట్నుంచే అది ఎక్కువ వినబడుతోంది. ఉంచిన గంటా ముప్పై నాలుగు నిమిషాల్లో ఒక్క మాటా గుర్తు రాదు. తీసేసింది మాత్రం అక్షరం అక్షరం. అటక కింద నించి నడిచి వెళ్తుంటే పైనుంచి "బామ్మర్దీ, తప్పుకో" అని వినబడుతుంది. తప్పుకుంటా. నిజంగానే పక్కకి గెంతుతా అక్కా, అందరూ చూస్తుండగా. కూలీలు నవ్వుతారు. నాకు కొత్త పేరు పెట్టారు, చెప్పను.

ఇక దీని గురించి రాయకు. రాస్తే చింపేస్తా.

తమ్ముడు

*

డిపో, టైమ్ ఆఫీసు
మే 25

నాన్నా,

ఎనిమిది నిమిషాలు ఎవరూ దగ్గరు. దగ్గినా ఆయన ఊరుకోరు, లేచి నీ వీపు మీద నాలుగు చరుస్తారు.

నీ ఉత్తరం చదివి నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇన్నాళ్ళూ నేను కూడా నీకు ఒకటి చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నువ్వు నిజంగానే ఆ బ్యాగు తీసుకుని ఎటో పోతావు.

ఆ సాయంత్రం నేను గోడ ఇవతలే ఉన్నాను. సగం విన్నాను. మీ ఇద్దరి గొంతులూ ఉన్నట్టుండి తగ్గాయి. టీవీ శబ్దమే వచ్చింది కాసేపు. ఆయన "వద్దురా, మీ అక్క ఒప్పుకోదు" అనడం విన్నాను. నువ్వేదో అని నవ్వావు. తర్వాత ఆయన "సరే, రేపు, లంచ్ టైమ్‌లో" అన్నారు. అంతే నాకు వినబడింది.

లేచి వచ్చి ఏంటది అని అడగచ్చు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది, చొక్కా సగంలో ఉంది. ఇద్దరూ ఏదో తిరుగుళ్ళకి ప్లాన్ వేస్తున్నారు, నాకెందుకులే అనుకున్నాను. మర్నాడు లంచ్ టైమ్‌లో ఫోన్ వచ్చింది. అటక మీద సరుకు దించుతూ కాలు జారిందన్నారు. నువ్వూ అదే చెప్పావు. సరుకు లంచ్ టైమ్‌లో ఎవరు దించుతారురా?

ఆరు నెలలుగా నన్ను నేను అడుగుతున్నాను. రేపు ఏంటి? నేను ఒప్పుకోనిది ఏంటి? ఆ రోజు ఆరడుగులు నడిచి తలుపు తోసి ఉంటే ఆయన ఉండేవారు. ఇస్త్రీ చేసిన ఆ చొక్కాలోనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈ తప్పు నాది. ఇంకెవరి మీదా వెయ్యను. కానీ ఏం ఆపలేదో తెలియకుండా ఎన్నాళ్ళు మొయ్యను?

జూన్ 8 శనివారం పాపని తీసుకుని వస్తున్నాను. ఇక్కడ ఆరూ పదికి బయల్దేరే బస్సు. పదకొండూ ఇరవై అయిదుకి మీ దగ్గర దిగుతాం. నువ్వు చెప్పకపోయినా ఫరవాలేదు. కానీ ఇంట్లో ఉండు. బ్యాగు విప్పి ఉంచు.

అక్క

*

పాత ఇల్లు
శనివారం, జూన్ 8

అక్కా,

చింపలేదు. పదకొండుసార్లు చదివా.

నీది తప్పు కాదు. ముందు అది రాస్తున్నా, మిగతాది చదవకపోయినా ఇదొక్కటి చదువు. నువ్వు తలుపు తోసినా నేను "ఏం లేదక్కా" అనేవాణ్ణి. నువ్వు వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. నేను అలాంటివాణ్ణే.

ఇది పోస్టు చెయ్యను, టైము లేదు. నీ చేతికిస్తా. నీ మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు.

స్టంట్ల ముక్కలో ఆ కానిస్టేబుల్ బస్సు పైనించి దూకే సీను ఎలా తీశారో ఉంటుంది. కింద పరుపులు కాదు, ఖాళీ అట్టపెట్టెలు. దొంతరలుగా పేర్చి, మూలలు కోసి, పైన పట్టా కప్పుతారు. మనిషి పడితే పెట్టెలు నలుగుతాయి, దెబ్బ అవి తింటాయి. అది చూసి నాకు పిచ్చెక్కింది. మా గోదాములో ఖాళీ పెట్టెలకి కొదవేంటి? రోజూ వందలు మెషీన్లో నొక్కుతాం. అటక ఎత్తు కూడా ఇంచుమించు ఆ బస్సంతే. రోజంతా పెట్టెలు మోసే మేము ఒక్కసారి వాటి మీద ఎగరకూడదా అనిపించింది.

తీసేసిన ఎనిమిది నిమిషాల్లో అదే ఉంది. "రేపు మనం కూడా దూకుదాం బావా" అన్నా. ముందు నవ్వాడు. తర్వాత వద్దురా, మీ అక్క ఒప్పుకోదు అన్నాడు. నువ్వు విన్నావు. నువ్వు విననిది నేనన్నది. "నీకు ఎత్తంటే భయమా, అక్కంటే భయమా? ఆ కానిస్టేబులే నయం నీకన్నా" అన్నా. నవ్వి అన్నా. బావ ఏం అనలేదు. ఒకటిన్నర నిమిషం ఏం అనలేదు. రికార్డింగులో టీవీ శబ్దమే ఉంటుంది. ఆ ఒకటిన్నర నిమిషంలో ఒక్కసారి "ఊరికే అన్నాలే బావా" అని ఉంటే సరిపోయేది. నేను బస్సు చూస్తున్నా. తర్వాత బావ సరే అన్నాడు.

మర్నాడు లంచ్ టైమ్‌లో మూడు వరసలు పేర్చాం. మూలలు నేనే కోశా. ముందు నేను దూకా. అక్కా, ఎంత బావుందో చెప్పలేను, ఏం తగల్లేదు, పెట్టెలు ధడేల్మని లోపలికి పోయాయి. పైనుంచి బావ చప్పట్లు కొట్టాడు. నేను లేచి దులుపుకుని "రా, ఇంకా భయమేనా" అన్నా. పక్కకి జరిగా. బావ దూకాడు.

పెట్టెలు మార్చలేదు. నేను పడి నలిగినవే అవి. వాటిలో ఇంక ఏం మిగల్లేదు. నాకు తెలీదు అక్కా. ఆ ముక్క నలభై సార్లు చూసి ఉంటా, కానీ దూకడం అయిపోగానే పనివాళ్ళు పెట్టెలు మోసుకెళ్ళడం వస్తుంది. పెట్టెలు మొయ్యడం ఏం చూస్తాం, రోజూ మనం చేసేది అదేగా అని ముందుకి తోసేసేవాణ్ణి. బావ కూడా తొయ్యరా తొయ్యరా అనేవాడు. మీరంతా వెళ్ళిపోయాక మొదటిసారి తొయ్యకుండా చూశా. ఒకసారి దూకితే పెట్టెలన్నీ మారుస్తారు. నలిగినవన్నీ తీసేసి కొత్తవి పెడుతున్నారు. ఆ స్టంట్లావిడ టీ తాగుతూ చెప్తోంది, ఒక పెట్టె ఒక్కసారే కాపాడుతుంది, నలిగాక అది ఉత్త అట్ట అని. ఎంత మామూలుగా చెప్తోందో. ఆ రోజు నుంచి నేను చూసేది ఆ ముక్కే. నలభై సెకన్లు.

ఇంకోటి ఉంది. ఇది రాస్తే నువ్వు నన్ను ఇంట్లోకి రానివ్వవు, అయినా రాస్తా. అంబులెన్సుకి ఫోన్ చేశా. అది వచ్చేలోగా బావ చెయ్యి పట్టుకుని కూర్చోలేదు. పెట్టెలన్నీ మెషీన్ దగ్గరికి లాగేశా. ఎవరూ చూడకూడదని. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను అటూ ఇటూ తిరగడం చూస్తూనే ఉన్నాడు. "బామ్మర్దీ, కూర్చో" అన్నాడు. "వస్తున్నా బావా" అని ఇంకో రెండు పెట్టెలు లాగా. వచ్చి కూర్చునేసరికి మాట లేదు. కాలు జారిందని సూపర్‌వైజర్‌కి చెప్పింది నేను. వాళ్ళు కాగితం మీద అదే రాసుకున్నారు. సోమవారం వెళ్ళి జరిగింది చెప్తా. ముందు నీకు చెప్పాలని ఆగా.

ఎనిమిది నిమిషాలూ ఉన్న రికార్డింగు కవర్లో ఉంది. మొత్తం ఉంది, ఒక్క సెకను తీయలేదు. అందులో ఇంకోటి కూడా ఉంది, అది నీ దగ్గర దాచే హక్కు నాకు లేదు. నా తప్పు కొయ్యబోయి దాన్ని కూడా కోసేశా. యాభై రెండో నిమిషం, మా గొడవకి ముందు. ముసలాయన బస్సు దిగుతూ దొంగకి టికెట్ ఇవ్వమంటాడు చూడు, అక్కడ బావ మధ్యలో ఆగి గోడ వైపు తిరిగి గట్టిగా అంటాడు. "ఏమండీ టైమ్‌కీపర్ గారూ, దొంగచాటుగా నవ్వే బదులు లోపలికొచ్చి నవ్వచ్చుగా!" గోడ అవతల నువ్వు నవ్వావు. చిన్నగా వినబడుతుంది, కానీ నువ్వే. బావ కూడా నవ్వాడు, నేనూ. పాపకి మీ ఇద్దరి నవ్వూ ఒకేసారి వినిపించాలంటే అక్కడ పెట్టు. తర్వాత వచ్చేది నువ్వొక్కదానివే విను. లేకపోతే వినకు. నీ ఇష్టం.

నన్ను ఏమన్నా అను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు అక్కా. నాలుగు మాటలు

కింద వీధి తలుపు చప్పుడైంది. పాప మెట్లు లెక్కపెడుతూ పైకి వస్తోంది. నాలుగు అంది. అయిదు. నువ్వు "మెల్లగా" అంటున్నావు. తలుపు తియ్యాలి, వెళ్తున్నా